మెదడు కాలువలకు కొలబద్ద

పి.గన్నవరమున వైనతేయ గోదావరిని దాటు ప్రతివాడును ఒక వింతను చూచును. క్రింద నది పారుచుండును. ఆ నదికి అడ్డముగా, దాని మీదుగా, మరియొక నీరు పారుచుండును. క్రిందిది కడలికి పోవునది, మీదిది చేనికి పోవునది. ధవళేశ్వరమున 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852 నాటికి పూర్తి కాగా, ఆ నీటిని వైనతేయమునకు ఆవలనున్న నగరం లంకకు చేర్చుటకై సర్ ఆర్థర్ కాటన్ క్రింద పనిచేసిన హేగ్ అను ఇంజనీరు 49 ఖానాల అక్విడక్టును ఇచ్చట కట్టించెను. దాని సరసనే 2000 సంవత్సరమున వెలసిన క్రొత్త అక్విడక్టునకు, ఆ ప్రాంతమున అన్నదానముచే ప్రసిద్ధి గాంచిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

ఆవలి ఒడ్డునకు నీరు పోవుచున్నదా యని అడిగిన చాలదు. ఎంత పోవుచున్నదని అడుగవలెను. కాలువ నిండుగా కన్పించినను శివారు భూములకు చాలకపోవచ్చును. అందుచేతనే లాకులవద్ద గేజి పలకలను నిలిపి, నీటిమట్టమును అడుగులతో అంగుళములతో చదివి, సెకనునకు ఇన్ని ఘనపుటడుగులని, అనగా ఇన్ని క్యూసెక్కులని, లెక్క గట్టుదురు. రైతు కంటికి నీరు కనబడును. ఇంజనీరునకు అంకె కావలెను.

ఇదే ప్రశ్న మనుష్యుని తలలో, అగ్గిపుల్ల మందమైన ధమనుల విషయమున, శస్త్రవైద్యునికి ఎదురగుచున్నది. అచ్చట అంకె తప్పినచో ఎండునది పైరు కాదు. మాట, నడక, జ్ఞాపకము.

చెరువు లేని ఆయకట్టు

మనుష్యుని గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును వెలికి పంపును. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే గల మెదడు అందులో నూటికి పదునైదు పాళ్ళను, అనగా నిమిషమునకు దాదాపు 750 మిల్లీలీటర్లను, తన వంతుగా గ్రహించును. విశ్రాంతిగా నున్నపుడు శరీరము వాడుకొను ప్రాణవాయువులో అయిదవవంతు దానిదే.

ఈ ఆయకట్టునకు ప్రధానమైన కాలువలు నాలుగు. మెడ ముందుభాగమున ఇరుప్రక్కల పైకి పోవు కెరోటిడ్ ధమనులు రెండు, వెన్నెముక నాశ్రయించి పోవు వెర్టిబ్రల్ ధమనులు రెండు. ఇవి మెదడు అడుగున కలిసికొని వలయముగా ఏర్పడును. 1664లో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ ఈ వలయమును వర్ణించెను గనుక నేటికిని అది ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. ఆ గ్రంథమునకు చిత్రములు గీసినవాడు, తరువాత లండనున సెయింట్ పాల్ దేవాలయమును నిర్మించిన క్రిస్టొఫర్ రెన్. ఒక కాలువ పూడినపుడు మరియొక దానినుండి నీరు మళ్ళించుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు ఈ వలయము. అయితే అందరి తలలలోను ఇది సంపూర్ణముగా నుండదు. కొందరిలో ఒక పాయ సన్నగానుండును. కొందరిలో అది లేకయే పోవును.

మెదడునకు నిల్వ లేదు. అది చెరువు లేని ఆయకట్టు. ఏ క్షణపు నీరు ఆ క్షణముననే అందవలెను. 100 గ్రాముల మెదడునకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము సహజమైన పాలు. అది 20కి దిగజారినచో ఆ భాగము తన పని మానివేయును, కాని వెంటనే చావదు. 10కి దిగువకు పోయినచో కొలది నిమిషములలోనే కణములు నశింపసాగును. కోనసీమ రైతునకు ఈ భేదము వివరింప నక్కరలేదు. వాడిన పైరు నీరు పెట్టిన లేచును. ఎండిన పైరు ఎన్ని తడులు పెట్టినను లేవదు. వాడుటకును ఎండుటకును నడుమనున్న ఆ కొద్ది వ్యవధియే వైద్యుని చేతిలోని కాలము.

గట్టు ఉబ్బినచోట

కాలువగట్టు బలహీనమైన తావున నీటి ఒత్తిడికి ఉబ్బి, తుదకు గండి పడినట్లే, మెదడు ధమనులు చీలిపోవు మలుపులలో గోడ బలహీనపడి బుడగవలె ఉబ్బుట కలదు. దీనినే వైద్యులు ఎన్యూరిజమ్ అందురు. పెద్దవయసు వారిలో నూటికి సుమారు ముగ్గురి తలలలో ఇట్టి బుడగ యుండునని అంచనా. వీనిలో అనేకము జీవితాంతము పగులక, యజమానికి తెలియకయే యుండిపోవును. పగిలినది మాత్రము ఘోరము. రక్తము మెదడు చుట్టునున్న పొరల నడుమకు చిమ్మును. కొందరు ఆసుపత్రికి చేరకమునుపే మరణింతురు. బ్రతికినవారిలో ఆ బుడగ మరల పగులు ప్రమాదము మొదటి దినముననే అధికము. కనుక గండిని పూడ్చు పని త్వరగా జరుగవలెను.

ఎట్లు పూడ్చుట? 1927లో లిస్బను నగరమున ఎగాస్ మొనీజ్ అను వైద్యుడు ధమనులలోనికి మందు నెక్కించి ఎక్సురే చిత్రమున మెదడు నాళములను చూపగలిగెను. 1931లో ఎడింబరో నగరమున నార్మన్ డాట్ పగిలిన బుడగచుట్టు రోగి కండరమునే చుట్టి అదిమెను. 1937లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున వాల్టర్ డాండీ బుడగ మెడకు చిన్న వెండి క్లిప్పును బిగించి, రక్తప్రవాహమునుండి దానిని వేరుచేసెను. ఆధునిక చికిత్సకు అది పునాది. 1960 దశకమున జూరిక్ నగరమున యాసర్గిల్ మొదలగువారు మైక్రోస్కోపును శస్త్రచికిత్సకు తెచ్చిన పిమ్మట ఈ పని సూక్ష్మమైన విద్యగా పరిణమించెను.

బుడగ మెడ యెప్పుడును తీరుగా నుండదు. ఒక్కొక్కపుడు ముఖ్య ధమనియే బుడగ అంచుగా నుండును. ఒక్కొక్కపుడు శాఖ బుడగ మెడనుండియే పుట్టును. క్లిప్పును ఒక వెంట్రుకవాసి వెనుకకు పెట్టినచో బుడగ పూర్తిగా మూతపడదు; ఒక వెంట్రుకవాసి ముందుకు పెట్టినచో మంచి ధమని నొక్కుకొనును. గండి పూడ్చుటకై వేసిన మట్టి కాలువనే మూసివైచినట్లగును. రోగి రక్తస్రావమునుండి తప్పించుకొని పక్షవాతమున పడును.

కంటికి చిక్కని నొక్కు

శస్త్రవైద్యుడు చూచునది నాళముయొక్క పైగోడను. లోపలి దారి యెంత మిగిలెనో కన్ను చెప్పజాలదు. పందొమ్మిదవ శతాబ్దమున పారిసునందు పోయిజెయ్ అను వైద్యుడు సన్నని గొట్టములలో ద్రవము పారు తీరును పరిశోధించి ఒక నియమమును కనుగొనెను. పొడవు, ఒత్తిడి మారకున్నచో, గొట్టపు వ్యాసము సగమైనపుడు ప్రవాహము సగము కాదు, నాలుగవవంతు కాదు, పదునారవవంతగును. క్లిప్పువలన కలుగు నొక్కు పొట్టిది గనుక ఈ లెక్క అచ్చట అక్షరాలా అన్వయింపదు. కొంత నొక్కువరకు ప్రవాహము తగ్గనట్లే యుండి, ఒక హద్దు దాటగనే దిగ్గున పడిపోవును. ఆ హద్దు ఎచ్చట దాటెనో చూపుతో పట్టుట దుర్ఘటము.

చికిత్స ముగిసిన పిదప ఎక్సురే చిత్రము తీసి చూడవచ్చును గదా యని అనవచ్చును. చూతురు. కాని తల మూసి, రోగిని మరియొక గదికి చేర్చి, చిత్రము తీయునప్పటికి వాడినది ఎండి యుండవచ్చును. తల తెరచియుండగనే, క్లిప్పును తీసి మరల పెట్టుటకు వీలున్నపుడే, అంకె తెలియవలెను.

వేగము వేరు, పరిమాణము వేరు

ఇచ్చట పాఠశాలలో చెప్పు ఒక సూత్రము పనికివచ్చును: ప్రవాహ పరిమాణము నీటి వేగమును, పారు దారి వైశాల్యమును గుణించినంత. కోనసీమ విద్యార్థి దీనిని కాలువగట్టుననే పరీక్షింపవచ్చును. 6 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు గల కాలువలో ఒక ఎండు కొబ్బరికాయను వదలినపుడు అది 60 సెకనులలో 30 మీటర్లు పోయెననుకొందము. పైనీటి వేగము సెకనునకు అర మీటరు. అడుగునను అంచులందును నీరు మందగించును గనుక సగటు వేగమును అందులో నూటికి 85 పాళ్ళుగా తీసికొందురు. ఆ వేగమును 6 చదరపు మీటర్ల వైశాల్యముచే గుణించినచో సెకనునకు 2.55 ఘనపు మీటర్లు, అనగా సుమారు 90 క్యూసెక్కులు.

మెదడు ధమనికిని ఇదే లెక్క. లోపలి వ్యాసము 3 మిల్లీమీటర్లు, రక్తపు సగటు వేగము సెకనునకు 30 సెంటీమీటర్లు అనుకొన్నచో, నిమిషమునకు 127 మిల్లీలీటర్లు పారును. మెదడు ప్రక్కభాగమును పోషించు ప్రధాన ధమనిలో సహజముగా పారునది ఇంచుమించు ఇంతయే.

వేగ మొక్కటే తెలిసిన చాలునా? చాలదు. లాకు తలుపును కొంచెము దించినపుడు ఆ సందులో నీరు ఉరవడించి ఘోషించును. ఆ ఘోషను వినినవాడు నీరు హెచ్చెననుకొనును. దిగువ కాలువలో మాత్రము నీరు తగ్గును. ధ్వని తరంగములతో రక్తపు వేగమును వినిపించు డాప్లర్ పరికరము శస్త్రచికిత్సలో ఉపయోగపడును. ధమని పూర్తిగా మూతపడినచో చప్పుడు ఆగిపోవును గనుక ఆ సంగతి తెలియును. సగము నొక్కుకొన్న ధమనియందు మాత్రము చప్పుడు హెచ్చి మోసగింపవచ్చును.

పరిమాణమునే కొలుచుటకు ప్రయత్నములు చిరకాలమునుండి జరిగెను. 1936లో అలెగ్జాండర్ కోలిన్ అయస్కాంత క్షేత్రమున రక్తము పారునపుడు పుట్టు విద్యుత్తును బట్టి ప్రవాహమును లెక్కించు పరికరమును ప్రకటించెను. అయితే ఆ పరికరము నాళమును బిగువుగా పట్టుకొనవలెను. మెదడులోని సుకుమారమైన ధమనులకు అది ఇబ్బంది. 1945లో ఫిలడెల్ఫియా నగరమున సీమర్ కెటీ, కార్ల్ ష్మిట్ అనువారు నైట్రస్ ఆక్సైడు వాయువును పీల్పించి, మెదడునకు పోవు రక్తమునందును మెదడునుండి వచ్చు రక్తమునందును దాని పాళ్ళను పోల్చి, మెదడు మొత్తముపై ప్రవాహమును గణించిరి. అది ఆయకట్టు మొత్తమునకు లెక్క. ఒక బోదెలో నీరెంతయో దానివలన తెలియదు.

ఎదురీదు పడవ

ఒక్కొక్క శాఖలోని ప్రవాహమును కొలుచు పని అశ్రావ్య ధ్వనికి సాధ్యమయ్యెను. దాని మూలము గోదావరి పడవవానికి సుపరిచితము. వాలున పోవు పడవ త్వరగా చేరును; ఎదురీదు పడవ ఆలస్యముగా చేరును. రెంటికిని పట్టిన కాలములలోని భేదమును బట్టి నది యెంత వడిగా పారుచున్నదో చెప్పవచ్చును.

ఈ పరికరపు కొసన చిన్న కొక్కెమువంటి భాగము కలదు. ధమనిని అందులో వదులుగా ఇముడ్చుదురు, బిగింప నక్కరలేదు. కొక్కెమున రెండు చిన్న స్ఫటికములు, వానికెదురుగా ధ్వనిని మరల్చు పలక యుండును. ఒక స్ఫటికము పంపిన ధ్వని రక్తప్రవాహము వెంబడి పోయి రెండవదానిని చేరును. పిమ్మట రెండవది పంపినది ఎదురుగా వచ్చి మొదటిదానిని చేరును. రెండు ప్రయాణముల కాలభేదము అత్యల్పము, కాని యంత్రము దానిని పట్టగలదు. ధ్వనిపుంజము ధమని వెడల్పునంతటిని కప్పును గనుక వచ్చు అంకె కేవలము వేగము కాదు; నిమిషమునకు ఇన్ని మిల్లీలీటర్లని నేరుగా చెప్పు పరిమాణము. గాలిలో ఈ ధ్వని సాగదు గనుక ధమనికిని కొక్కెమునకును నడుమ ఉప్పునీటిని నింపుదురు.

ఇట్టి సాధనములను అమెరికాలోని ఇథాకా పట్టణమున కోర్ డ్రోస్ట్ రూపొందింపగా, షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు ఫాడీ షార్బెల్ 1990 దశకమున వానిని మెదడు ధమనులకు తగినట్లు మలచుటకు తోడ్పడెను. ఆ బృందము ఎన్యూరిజమ్ చికిత్సలలోని తమ అనుభవమును 2006లో ప్రకటించెను. చూపునకు సరిగానున్న క్లిప్పును, అంకె సరిగా లేనందున, తీసి సర్దవలసివచ్చిన సందర్భములు అందు కలవు.

పని జరుగు తీరు ఇది. క్లిప్పు పెట్టుటకు ముందే ప్రధాన ధమనిలోను, దాని శాఖలలోను ప్రవాహమును కొలిచి వ్రాసికొందురు. క్లిప్పు పెట్టిన పిదప అచ్చటనే మరల కొలుతురు. ఒక శాఖలో ముందు 100 మిల్లీలీటర్లుండి, తరువాత 95 వచ్చినచో వైద్యుడు ఊరట చెందును. 60 వచ్చినచో చేయి ఆగును. ముందున్నదానికంటె నాలుగవవంతునకు మించి తగ్గుటను సాధారణముగా హెచ్చరికగా భావింతురు. అంతమాత్రమున క్లిప్పుదే తప్పని నిశ్చయింపరాదు. మత్తు మందువలన రక్తపు పోటు తగ్గియుండవచ్చును. ధమని తాకిడికి ముడుచుకొని యుండవచ్చును. మెదడును పక్కకు పట్టియుంచు పనిముట్టు ధమనిని అదుముచుండవచ్చును. ఎగువ లాకు తలుపులను మార్చి, దిగువ గేజిని నిందించిన లాభమేమి? కనుక రెండు కొలతల సమయమునను రక్తపు పోటును సమానముగా నిలుపుట మత్తు వైద్యుని బాధ్యత. ఇతర కారణములు తొలగినను అంకె పెరుగనిచో క్లిప్పును తెరచి, స్థానము మార్చి, మరల కొలుతురు.

తలలో అక్విడక్టు

కొన్ని బుడగలకు క్లిప్పు పెట్టుటకే వీలుండదు. ధమనినే మూసివేయవలసివచ్చును. అప్పుడు దిగువ ఆయకట్టునకు నీరేది? గన్నవరమున నదిమీదుగా కాలువను దాటించినట్లు, మూసిన ధమనిని తప్పించి మరియొక దారిని నిర్మింతురు. 1967లో యాసర్గిల్ నెత్తి చర్మమునకు పోవు ధమనిని కపాలపు రంధ్రముగుండ లోపలికి తెచ్చి మెదడు ధమనికి కుట్టెను. దీనిని బైపాస్ అందురు.

ఎంత నీరు కావలెనో తెలియక అక్విడక్టు కట్టరాదు. ఇచ్చటను అంతే. ధమనిని తాత్కాలికముగా మూసి, దిగువ ఎంత ప్రవాహము తగ్గెనో కొలుతురు. ఆ లోటును నెత్తి ధమని తీర్చగలదా, లేక చేతినుండియో కాలినుండియో పెద్ద నాళమును తెచ్చి అతుకవలెనా యను నిర్ణయమునకు ఆ అంకె ఆధారము. కుట్టిన పిమ్మట క్రొత్త దారిలో ఎంత పారుచున్నదో కొలిచి సరిచూతురు.

ఈ కొలబద్దకును హద్దులు కలవు. పెద్ద ధమనులనుండి పుట్టి మెదడు లోతులకు పోవు వెంట్రుకలవంటి నాళములను కొక్కెము పట్టజాలదు. అట్టి ఒక్క నాళము మూతపడినను చేయి కాలు పడిపోవచ్చును. వానికై 2003లో ఆండ్రియాస్ రాబే ప్రభృతులు మరియొక ఉపాయమును ప్రకటించిరి. ఆకుపచ్చ రంగు మందును రక్తములోనికి ఎక్కించి, మైక్రోస్కోపునుండి ప్రత్యేక కాంతిని ప్రసరింపజేసిన, రక్తము పారు నాళములు వెలుగును. ఇది పారుచున్నదా లేదా యని చూపును. ఎంత పారుచున్నదో ఖండితముగా చెప్పదు. కావున ఒకదానికి మరియొకటి తోడు. తొడవద్ద ధమనినుండి సన్నని గొట్టమును పంపి, బుడగలో మెత్తని ప్లాటినమ్ తీగచుట్టలను నింపు పద్ధతి 1990 దశకమునుండి వ్యాపించి, నేడు అనేకులకు తల తెరచు అవసరమే లేకుండ చేయుచున్నది. అయినను క్లిప్పు తప్పని రోగులు ఉండనే యున్నారు.

కోనసీమకు కావలసినది

దక్షిణదేశమున ఈ విద్యకు బీజములు పడి చాలకాలమైనది. 1949లో వేలూరున జేకబ్ చాందీ, 1950లో మద్రాసున బి.రామమూర్తి నాడీ శస్త్రచికిత్సకు నాంది పలికిరి. ఆంధ్రమున 1956లో విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ బాలపరమేశ్వరరావు ఈ శాఖను నెలకొల్పెను.

కాని యెంతటి నిపుణుడైనను, ఎంతటి కొలబద్దయైనను, తన బల్లమీదికి చేరిన రోగికే ఉపయోగపడును. నదీపాయల నడుమనున్న కోనసీమలో ఒకప్పుడు రేవు పడవ దాటనిదే వైద్యము లేదు. నేడు వంతెనలు కలవు. 2005లో మొదలైన 108 వాహనము కలదు. ఇప్పుడు జరుగు జాప్యమునకు ముఖ్యకారణము నది కాదు, గుర్తింపకపోవుట. బుడగ పగిలినపుడు వచ్చు తలనొప్పి క్రమముగా హెచ్చునది కాదు. ఒక్క నిమిషములోపలనే, పిడుగు పడినట్లు, జన్మమున ఎన్నడు ఎరుగనంత తీవ్రముగా వచ్చును. వెంట వాంతి, మెడ బిగిసికొనుట, వెలుతురు సహింపకపోవుట, స్పృహ తప్పుట కలుగవచ్చును. కొందరికి అంతకు పూర్వమే ఒక కనురెప్ప వాలిపోవును. దీనిని ఎండదెబ్బయనియు, పైత్యమనియు, గాలి సోకెననియు భావించి పట్టులు వేయుచు కూర్చున్నచో, మొదటి దినపు విలువైన గంటలు గడచిపోవును. తలనొప్పులన్నియు ఇట్టివి కావు; కాని ఇట్టిది వచ్చినపుడు తల చిత్రము తీయు సౌకర్యము గల ఆసుపత్రికి తక్షణము పోవలెను.

బుడగ పగులు అవకాశమును హెచ్చించు కారణములలో మనుష్యుని వశమున నున్నవి ముఖ్యముగా రెండు: పొగ త్రాగుట, అధికమైన రక్తపు పోటు. లంక పొగాకు చుట్టలకు పేరొందిన ఈ సీమలో మొదటిదానినిగూర్చి పెద్దలకు చెప్పుట పిల్లలకు కష్టము. రెండవదానిని కొలిపించుకొమ్మని చెప్పుట సులభము. పోటు కొలుచు పట్టీ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునను కలదు.

షికాగోలోని శస్త్రవైద్యుడు చేయునదియు, గన్నవరము లాకువద్ద గేజి చదువువాడు చేయునదియు ఒకే పని. నీరు పోవుచున్నదని తృప్తిపడక, ఎంత పోవుచున్నదో ముందు కొలిచి, తరువాత కొలిచి, తేడా వచ్చినచో చేసిన పనిని విప్పి మరల చేయుట. విజ్ఞానశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడు ఈ పాఠమును నల్లబల్ల మీద కంటె కాలువగట్టున బాగుగా చెప్పగలడు. ఆ పాఠము విన్న బాలుడు ఒకనాడు ఇంటిలో పెద్దవారు తల పట్టుకొని కూలినపుడు, ప్రతి నిమిషమునకు ఎంత విలువయో ఎరిగి, వాహనమునకు కబురు చేయును.